ఇదంతా నిజంగా జరిగిందా? చీకటి చరిత్ర పుస్తకాల చిక్కుముడి

జనవరి వచ్చిందంటే బెజవాడలో సంక్రాంతికి ముందే పుస్తకాల పండగ మొదలవుతుంది. స్వరాజ్ మైదానం వదిలి చోటు మారినా ఆ దుమ్ము, ఆ మైకు, సాయంత్రం ఆరు దాటాక ఆ తోపులాట మాత్రం మారలేదు. అక్కడ ఒక స్టాల్లో తల్లీకూతుళ్ల మాటలు చెవినపడ్డాయి. పిల్ల ఇంటర్ చదువుతూ ఉండొచ్చు. చేతిలో లావుపాటి నవల, అట్ట మీద ముళ్లకంచె, దాని వెనక చారల చొక్కా.

"మంచి పుస్తకాలే దొరకలేదటే నీకు? చావులన్నీ ఇంటికి మోసుకొస్తావేం?"

"ఇది హిస్టరీ అమ్మా."

తల్లి స్టాల్ కుర్రాడి వైపు తిరిగింది. "బాబూ, ఇదంతా నిజంగా జరిగిందా?"

కుర్రాడు బిల్లు రాస్తూ తలెత్తకుండానే, "ట్రూ స్టోరీయేనండీ, బాగా పోతోంది" అన్నాడు.

యూదుల మారణకాండ, దేశవిభజన, బానిసత్వం, కరువులు, ఊచకోతలు. ఇలాంటి పుస్తకాలకు ఈమధ్య గిరాకీ బాగా పెరిగినట్టుంది. చదివి కళ్లు తుడుచుకుంటూ తీసిన రీల్స్ చూసి కొనేవాళ్లూ ఉన్నారు. వీటి చుట్టూ వాదనలూ ఎక్కువే. ఇవి చరిత్రా, కల్పనా? ఏడిపించి అమ్ముకోవడం కాదా? పాత గాయాలు కెలకడం దేనికి? ఈ ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఆ తల్లి అడిగిన దగ్గరికే వస్తాయి. ఆమె అడిగింది ఒక్క మాటే. దానికి జవాబు మాత్రం పుస్తకం పుస్తకానికీ మారుతుంది.

ఒకే అరలో వేరువేరు జాతులు

ఆ అరలో పక్కపక్కన నిలబెట్టినవన్నీ ఒక రకం పుస్తకాలు కావు.

మొదటిది పత్రం. జరుగుతున్నప్పుడే కాగితం మీదికి ఎక్కిన డైరీ, ఉత్తరం, జైలు రిజిస్టరు, కలెక్టరు రిపోర్టు లాంటివి. రాస్తున్న మనిషికి కథ ఎలా ముగుస్తుందో తెలియదు. దాని బలం అదే. రెండోది సాక్ష్యం. బతికి బయటపడినవాళ్లు తర్వాతెప్పుడో, ఒక్కోసారి యాభై ఏళ్ల తర్వాత, గుర్తు తెచ్చుకుని చెప్పింది. మూడోది చరిత్ర గ్రంథం. పత్రాలనీ సాక్ష్యాలనీ ఎదురెదురుగా పెట్టి, పొసగని చోట పొసగలేదని చెప్పి, ఏ మాట ఎక్కడిదో అడుగున రాసేది. నాలుగోది నవల. జరిగినదాన్ని పునాదిగా తీసుకుని, జరిగి ఉండగలిగినదాన్ని దాని మీద కట్టేది.

చిక్కంతా ఐదో రకంతో వస్తుంది. అట్ట మీద "నిజ జీవిత కథ ఆధారంగా" అన్న స్టిక్కరు ఉంటుంది. ఆధారం అన్నది మహా సాగే మాట. పునాదీ ఆధారమే, పందిరి గుంజా ఆధారమే. ఈ పుస్తకానికి ఏది ఆధారమో స్టిక్కరు చెప్పదు.

పోనీ ఈ గీతలైనా గట్టివా అంటే, అవీ చెరిగిపోతుంటాయి. ఆన్ ఫ్రాంక్ డైరీనే చూడండి. నాజీలకు దొరక్కుండా ఆ యూదుల పిల్ల దాక్కున్న గదిలో రోజూ రాసుకున్న రాతలు అలాగే అచ్చయ్యాయనుకుంటాం. 1944 మార్చిలో లండన్ నుంచి వచ్చిన డచ్ రేడియో ప్రసంగంలో, యుద్ధం అయ్యాక జనం రాసుకున్న డైరీలూ ఉత్తరాలూ సేకరిస్తామని ఒక మంత్రి చెప్పాడు. అది విని ఆన్ తన డైరీని పుస్తకంగా తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని భాగాలు తీసేసింది, కొన్ని కొత్తగా రాసింది. ఆగస్టు 4న పట్టుబడేసరికి ఆ పని సగంలో ఉంది. శిబిరంలో ఆమె చనిపోయాక, ప్రాణాలతో మిగిలిన తండ్రి ఆ రెండు ప్రతుల్నీ కలిపి, కొంత కత్తిరించి 1947లో అచ్చు వేయించాడు. అంటే మనం చదివేది పత్రమే, పదిహేనేళ్ల రచయిత్రి దిద్దిన పత్రం, తండ్రి కూర్చిన పత్రం. ఇది తెలిశాక నాకు ఆ పుస్తకం మీద గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఆ అటక మీద కూర్చుని తన వాక్యం తనకే నచ్చక కొట్టేసి మళ్లీ రాసుకుందంటే, ఆ పిల్లకు రేపటి మీద ఎంత ఆశ ఉండి ఉండాలి!

ఒక నంబరు, ఒక మందు

2018లో వచ్చిన 'ది టాటూయిస్ట్ ఆఫ్ ఆష్విట్జ్' ఈ గొడవకు సరైన ఉదాహరణ. ఆష్విట్జ్ అనే నాజీ శిబిరంలో ఖైదీల చేతుల మీద నంబర్లు పచ్చబొట్టు పొడిచిన లాలే సోకొలోవ్ అనే మనిషి నిజంగా ఉన్నాడు. అక్కడే పరిచయమైన గీటాని తర్వాత పెళ్లాడటమూ నిజం. ముసలితనంలో అతను చెప్పిన కథను హెదర్ మోరిస్ నవలగా రాసింది. లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి.

ఆష్విట్జ్ స్మారక కేంద్రం పరిశోధకులు దాన్ని కాగితాలతో పోల్చి చూశారు. నవలలో గీటా చేతి మీద నంబరు 34902. ఆమే తన వాంగ్మూలంలో చెప్పిన నంబరు 4562. నవలలో 1943 మొదట్లో లాలే ఆమె కోసం పెన్సిలిన్ సంపాదిస్తాడు. ఆ రోజుల్లో ఆ శిబిరంలో పెన్సిలిన్ దొరకడం అసంభవం. ఇలా ఒకటొకటిగా ఎత్తిచూపి, చరిత్ర తెలుసుకోవడానికి ఈ పుస్తకం పనికిరాదని వాళ్లు తేల్చారు. రచయిత్రి జవాబు వేరు: నేను రాసింది మారణకాండ చరిత్ర కాదు, ఒక మనిషి తనకు గుర్తున్నట్టు చెప్పిన కథ.

ఒక మందు పేరు తప్పితే ఏం మునిగింది అనిపిస్తుంది. మన దగ్గర ఉదాహరణ ఒకటి చూద్దాం. 1977 నవంబరు 19 ఉప్పెన నుంచి బయటపడ్డ దివిసీమ పెద్దాయన ఎవర్నైనా అడగండి, అల తాటిచెట్టంత ఎత్తున వచ్చిందంటాడు. కొలతల ప్రకారం ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. తాటిచెట్టు అంతకు రెండు మూడింతలుంటుంది. పెద్దాయన అబద్ధమాడాడా? చీకట్లో, గాలిలో, పిల్లల్ని చంకనెత్తుకున్న మనిషికి ఆ నీళ్లు కనపడిన ఎత్తు అదే. సాక్ష్యంగా ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కరకట్ట ఎంతెత్తు కట్టాలో లెక్కేసే ఇంజనీరుకు మాత్రం ఆ మాట పనికిరాదు. అదే తాటిచెట్టును ఒక నవలాకారుడు, ఇది అక్షరాలా జరిగింది అన్న స్టిక్కరు వేసి అమ్మితే, అప్పుడు తగాదా మొదలవుతుంది.

పరిశోధకుల పట్టుదలకు మరో కారణమూ ఉంది. 1995లో బిన్యమిన్ విల్కొమిర్స్కీ అన్న పేరుతో ఒక ఆత్మకథ వచ్చింది. పసితనంలో నాజీ శిబిరాల్లో గడిపిన జ్ఞాపకాలు. దానికి బహుమతులొచ్చాయి. 1998లో ఒక స్విస్ పాత్రికేయుడు ఆరా తీస్తే, రాసినాయన స్విట్జర్లాండ్‌లో పుట్టి పెరిగినవాడని, ఏ శిబిరంలోనూ ఖైదీగా లేడని తేలింది. ఆ మారణకాండే జరగలేదని వాదించేవాళ్లకు ఇలాంటి దొంగ సాక్ష్యం దొరికితే పండగే. ఒక పుస్తకం అబద్ధమైతే మిగతా వెయ్యి పుస్తకాలూ అబద్ధాలేనంటారు. పెన్సిలిన్ లాంటి చిన్న తప్పుల్ని కూడా పరిశోధకులు వదలకపోవడం చాదస్తం కాదు.

డొక్కల కరువు: ఎవరూ రాసుకోని చావులు

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. 1832-33. తెలుగు లెక్కలో నందన నామ సంవత్సరం. గుంటూరు సీమలో వానల్లేవు, పంటల్లేవు. దాన్ని నందన కరువన్నారు, పెద్ద కరువన్నారు. జనం నోట ఎక్కువగా నిలిచిన పేరు డొక్కల కరువు. పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా మిగిలిన మనుషులు ఆ పేరులోనే కనిపిస్తారు.

అప్పటి జనాభా సుమారు 5 లక్షలైతే, అందులో లక్షన్నర నుంచి 2 లక్షల దాకా చనిపోయారని అంచనా. ఈ రెండు అంకెల మధ్య తేడాయే 50 వేలు. ఒక మోస్తరు పట్టణంలో ఉన్నంతమంది మనుషులు, పోయినట్టా ఉన్నట్టా కూడా తేలని మనుషులు. కుంపిణీ దొరలు శ్రద్ధగా రాసుకుంది శిస్తు లెక్కలు. ఊరొదిలి నడుస్తూ దారిలో పడిపోయిన కూలివాడి కోసం అందులో గడి లేదు. అతనికి చదువు లేదు, డైరీ లేదు, యాభై ఏళ్ల తర్వాత మైకు పెట్టి అడగడానికి అతను లేడు.

దీన్ని 1876-78 నాటి ధాత కరువుతో పోల్చండి. అప్పటికి ప్రభుత్వ నివేదికలున్నాయి, పత్రికలున్నాయి, కెమెరా వచ్చేసింది. కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి నిర్ణయించిన సంగతి మనకు తెలుసు. ఆ మాత్రం తిండితో తవ్వగలరా అని అప్పుడే గొడవపడ్డ సంగతీ తెలుసు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం అలాంటి కరువు కూలీలే తవ్వారు. ఎముకల గూళ్లలాంటి మనుషుల్ని వరుసగా కూర్చోబెట్టి హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫొటోలు ఇప్పటికీ పుస్తకాల్లో వస్తుంటాయి. ముఖాలు మిగిలాయి. పేర్లు లేవు.

పత్రం మౌనంగా ఉన్నచోట చరిత్రకారుడు ఆగిపోతాడు, ఆగిపోవాలి కూడా. నవలాకారుడికి పని మొదలయ్యేది అక్కడే. అమెరికాలో దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే నల్లజాతి బానిస స్త్రీ గడ్డకట్టిన ఒహాయో నది దాటి కుటుంబంతో పారిపోయింది. వెంటాడి పట్టుకోవడానికి వచ్చినప్పుడు, బిడ్డ మళ్లీ బానిస కావడం కంటే చావడం మేలని కూతుర్ని తన చేతులతోనే చంపింది. పత్రికలు రాశాయి, కోర్టులో వాదనలు నడిచాయి. ఆమె గుండెలో ఏముందో మాత్రం ఎవరూ రాయలేదు. ఆ వార్త ఆధారంగా టోనీ మారిసన్ 1987లో రాసిన 'బిలవెడ్'లో చనిపోయిన కూతురు దయ్యమై ఇంటికొస్తుంది. గార్నర్ జీవితాన్ని ఉన్నదున్నట్టు రాయడం తన పని కాదని మారిసన్ దాచుకోలేదు. అక్కడ దయ్యం వట్టి భయం కోసం రాలేదు. లెక్కల్లో గడి దొరకనివాళ్లు లోపలికి రావడానికి రచయిత్రి తెరిచిన దొడ్డిదారి అది.

డొక్కల కరువు మీద నవల రాయాలనుకునే గుంటూరు రచయిత ముందున్న చిక్కూ ఇదే. వానలు ఎప్పుడు మొహం చాటేశాయో, ఎందరు పోయారన్నారో ఆధారంతో చెప్పగలడు. ఒక తల్లి ఆఖరి గింజలు ఎవరికి పెట్టిందో ఊహించాల్సిందే. ఊహించినందుకు తప్పు పట్టేవాళ్లు ఉండరు. ఎక్కడ ఊహించాడో చెప్పాడా లేదా అన్నదే పేచీ. ఆ జ్ఞాపకం మన మాటల్లో ఇంకా ఉంది, మనకే తెలియదు. పెళ్లి భోజనంలో గబగబా తింటున్న పిల్లాణ్ని "ఏరా, కరువులో పుట్టావా?" అంటాం. నవ్వుతూనే అంటాం.

డొక్కల కరువు ఇలా ఊళ్లు ఊడ్చేశాకే 1852-55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట వచ్చింది. దాని స్థానంలో 1957లో వచ్చిందే ప్రకాశం బ్యారేజీ. సాయంత్రం దాని మీద సెల్ఫీలు తీసుకుంటాం. పక్కన చావుల లెక్క చెప్పే బోర్డేమీ కనిపించదు.

ఎవరి బాధ, ఎవరి కలం

గుంటూరు మనిషి రాసిన నవల ఒకటి ఈ చర్చకు బాగా అక్కరకొస్తుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో రాయవేలూరు జైల్లో ఉండగా 'మాలపల్లి' రాశాడు. మంగళాపురం అనే ఊరు, అందులో రామదాసు కుటుంబం, కులమూ కూలీ కలిసి ఆ ఇంటిని నలిపేసిన తీరు. ఊరు కల్పితం. అలాంటి ఊరు లేదని అనగలిగినవాడు మాత్రం అప్పట్లో ఎవరూ లేరు. మద్రాసు ప్రభుత్వం 1923లో దాన్ని నిషేధించింది. కొన్ని భాగాలు తీసేశాక 1928లో వదిలింది, 1936లో మళ్లీ నిషేధించింది, 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక ఆంక్ష పోయింది. కల్పితమైన ఊరికి రెండుసార్లు నిషేధమా! అందులో నిజమెంతో సర్కారుకు మనకంటే బాగా తెలిసినట్టుంది.

ఇక్కడ ఇంకో ప్రశ్న ఉంది. ఉన్నవ బారిస్టరు, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. మాలపల్లి బాధను ఆయన రాయడమేమిటి? ఒక వాదం ప్రకారం, ఆనాడు అచ్చుయంత్రం దాకా చేరగలిగినవాడు, జైలు కాగితాల మీదైనా సరే, రాసి పెట్టబట్టే ఆ జీవితం సాహిత్యంలోకి వచ్చింది. రెండో వాదం ప్రకారం, ప్రేమగా రాసినా అది బయటి చూపే. ఓర్చుకునే భక్తుడైన రామదాసు, చదివే పై కులాల మనసు నొప్పించని బాధితుడు. లోపలివాళ్ల కోపం లోపలివాళ్లే రాయాలి. గుంటూరు సీమలోనే పుట్టిన జాషువా 'గబ్బిలం'లో ఆ గొంతు వినిపించింది, తర్వాతి దళిత రచయితల్లో అది పెద్దదైంది. నాకు రెండో వాదంలో బరువు ఎక్కువగా కనిపిస్తుంది. అయినా 'మాలపల్లి'ని పక్కన పెట్టలేను. దాన్ని సాక్ష్యంగా చదివితే వెలితి తెలుస్తుంది. ఒక కాలం తన నేరాన్ని తాను ఎంతవరకు చూడగలిగిందో చెప్పే పత్రంగా చదివితే మరో పుస్తకమవుతుంది.

కోర్టు నిజం, ఊరి నిజం

1991 ఆగస్టు 6న, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. బాధితుల పట్టుదల వల్ల విచారణ కోసం ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టేసింది.

దీని గురించి పుస్తకం చదివే పాతికేళ్ల కుర్రాడికి తల తిరుగుతుంది. అందరూ నిర్దోషులైతే చంపిందెవరు? కోర్టు అడిగే ప్రశ్న ఇరుకైంది. ఫలానా మనిషి ఫలానా పని చేశాడని సందేహానికి తావు లేకుండా రుజువైందా? కాలేదంటే శిక్ష లేదు. హత్యలు జరగలేదని దానర్థం కాదు. చరిత్రకారుడి ప్రశ్న ఇంకాస్త వెడల్పు: ఏ పరిస్థితులు దీన్ని సాధ్యం చేశాయి? సాక్షి చెప్పేది తన ఇంట్లో ఎవరు తిరిగి రాలేదన్న సంగతి. నవల అడిగేది, మర్నాడు ఆ వీధిలో నీళ్లెలా పట్టుకున్నారని. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబుతో మరో ప్రశ్న నోరు మూయించబోతేనే పేచీ. అది రెండు వైపులా జరుగుతుంది. తీర్పు చూపించి సాక్ష్యాన్ని కొట్టిపారేసేవాళ్లున్నారు, నవల చూపించి ఒక మనిషిని దోషి అనేవాళ్లూ ఉన్నారు.

కాటి సీనుకు వన్స్‌మోర్

ఇంతకీ ఏడిపించే పుస్తకం డబ్బిచ్చి కొనుక్కోవడమేమిటి? ఈ ప్రశ్న మనవాళ్లకు కొత్త కాదు. ఉన్న రసం కరుణమొక్కటే అన్నాడు సంస్కృత నాటకకర్త భవభూతి. కరుణ రసం దుఃఖమే ఇస్తే దాని జోలికి ఎవరూ పోరు కదా, పోతున్నారంటే అందులో ఆనందం ఉన్నట్టే అని 14వ శతాబ్దపు సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడి వాదన. కన్నీళ్లెందుకొస్తాయంటే మనసు కరిగి వస్తాయంటాడు. అంతకు ముందే నాట్యదర్పణం రాసిన జైన పండితులు ఒప్పుకోలేదు. కొన్ని రసాలు సుఖమైతే కొన్ని దుఃఖమే, కరుణ దుఃఖపు రసమేనని వాళ్ల లెక్క.

మన పల్లెల్లో దీనికి రుజువు అక్కర్లేదు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను, అందులో జాషువా శ్మశానవాటి పద్యాలు. తెల్లవారుజామున మూడింటికి దుప్పటి అంచుతో కళ్లు ఒత్తుకుంటున్నవాళ్లే "వన్స్‌మోర్" అని అరిచేవాళ్లు. హార్మోనియం మళ్లీ అందుకునేది. ఆ దుఃఖం రంగస్థలం మీది చంద్రమతిది. పేరుకు ఆమెది, అనుభవించేది అందరూ. ఒక మనిషి బాధ అందరి బాధగా మారడాన్ని అలంకారికులు సాధారణీకరణం అన్నారు.

చీకటి చరిత్ర పుస్తకం దగ్గర ఈ లెక్క తప్పుతుంది. సాక్ష్యానికి వన్స్‌మోర్ కొట్టలేం. అక్కడ చనిపోయిన పిల్ల చంద్రమతి కొడుకులాగా ఆఖరి అంకంలో లేచి కూర్చోదు. ఆమె దుఃఖాన్ని అందరి దుఃఖం చేసేస్తే ఆమె పేరు చెరిగిపోతుంది. చెయ్యకపోతే దూరాన ఉన్న పాఠకుడికి అది అంకెగా మిగిలిపోతుంది. మంచి రచయితలు ఈ రెండింటి మధ్య సన్నటి గట్టు మీద నడుస్తారు. నడవలేనివాళ్లు శిబిరాన్ని ప్రేమకథకు సెట్టింగ్ చేసుకుంటారు. బాధను అమ్ముకుంటున్నారన్న విమర్శ ఎక్కువగా తగిలేది వాళ్లకే.

పిల్లల మనసు, పాత గాయం

మనసు పాడవుతుందన్న తల్లి భయాన్ని తీసిపారేయలేం. రాత్రి నిద్ర పట్టని పిల్లలుంటారు. చదివి మొద్దుబారిపోయేవాళ్లూ ఉంటారు, అది ఇంకా ప్రమాదం. చేతిలో ఫోను ఉన్న పిల్లకు చావులు పుస్తకం వల్లే కొత్తగా తెలుస్తాయా అన్నదీ న్యాయమైన ఎదురుప్రశ్నే. వయసు ఒక్కటే కొలత కాదు. ఇంట్లో దాని గురించి మాట్లాడే మనిషి ఉన్నారా లేదా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

గాయం కెలకడం సంగతికొస్తే, ఆ మాట సాధారణంగా గాయం లేనివాళ్ల నోట వినిపిస్తుంది. అలాగని గాయపడ్డవాళ్లంతా ఒకే తీరున ఉండరు. పదేపదే చెప్పాలనుకునేవాళ్లు కొందరు, బిడ్డలకు తెలియకుండా పెంచాలనుకునేవాళ్లు కొందరు. చెప్పకపోవడం వాళ్ల హక్కు. వాళ్ల తరఫున మిగతా ఊరంతా మరిచిపోవడం ఆ హక్కులోకి రాదు.

స్టాల్లో ఆ తల్లి పుస్తకం కొననివ్వలేదు. "ఇంకోటి చూసుకోవే" అని పక్క వరసలోకి లాక్కెళ్లింది. నేను దాన్ని తీసి చివరి పేజీలు తిప్పాను. ఇలాంటి నవలల్లో ఏది జరిగింది, ఏది కల్పించాను అని రచయిత చెప్పుకునే మాట తరచుగా అక్కడే ఉంటుంది. దీని ఇంగ్లిష్ ప్రతిలో ఆ మాట రెండు పేజీలుంది. చేతిలో ఉన్న తెలుగు అనువాదంలో కథ అయిపోయిన వెంటనే ప్రచురణ సంస్థ క్యాటలాగు మొదలైంది.

కుర్రాణ్ని అడిగాను.

"వెనక పేజీలు ఎవరు చదువుతారండీ" అన్నాడు. "తీసేస్తే రేటు తగ్గుద్ది."